కార్డు వెనకవైపు

నేను ఒక విజిటింగ్ కార్డుల ఆల్బంని. రెగ్జిన్ అట్ట, ప్లాస్టిక్ అరలు. నా కడుపులో నాలుగు వందల ముప్ఫై మంది ఉన్నారు. అందరూ మేనేజర్లూ, ప్రొప్రైటర్లూ, డైరెక్టర్లే. మామూలు మనిషి ఒక్కడూ లేడు.

విజయవాడలో ఒక ఇరుకు గదిలో పుట్టాను. మొదట కొన్నది ఒక బీమా ఏజెంటు. పెళ్లికెళ్లినా, పరామర్శకెళ్లినా కార్డు ఇచ్చి కార్డు పుచ్చుకునేవాడు. ఒక్కరికీ మళ్లీ ఫోను చేసిన పాపాన పోలేదు. ఏడాది తిరక్కుండా వ్యాపారం మార్చేసి, కార్డులన్నీ చెత్తబుట్టలో దులిపి, నన్ను భీమవరంలో రంగనాయకులుకి ఇచ్చేశాడు. ఈయన ఒక రొయ్యల ఫ్యాక్టరీలో కొనుగోళ్ల అధికారి.

రంగనాయకులు వేరే రకం. "ముందువైపు వాళ్లు అచ్చేయించుకున్నది, వెనకవైపు నేను కనుక్కున్నది" అంటూ ప్రతి కార్డు వెనకా పెన్సిలుతో రాసేవాడు. ఒకరికి మోకాలి ఆపరేషను. ఒకరికి తమ్ముడితో కోర్టు గొడవ. ఒకరిని మధ్యాహ్నం కునుకులో లేపకూడదు. పని ఉన్నా లేకపోయినా నెలకోసారి అందరినీ పలకరించేవాడు. అది ప్రేమా, తెలివా అని నన్నడక్కండి. ఆయనకే తెలియదు.

ఆయన రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి ప్రణీత వచ్చింది. చురుకైన పిల్ల. రెండు రోజుల్లో కార్డులన్నిటి ముందువైపూ ఫోటోలు తీసి ఫోనులోకి ఎక్కించింది. నన్ను గుమ్మం పక్కన పాతసామాను గోనెసంచిలో పడేసింది.

మూడో వారం, గురువారం పొద్దున పది గంటలకు, కోల్డ్ రూము కంప్రెసరు సీలు పగిలింది. రెండో కంప్రెసరు అప్పటికే రిపేరులో ఉంది. సాయంత్రం దాటితే పదిహేను టన్నుల రొయ్యలు మెత్తబడతాయి. ప్రణీత ఉద్యోగం అంతకంటే ముందే మెత్తబడుతుంది.

ఆమె నాలుగు వందల ముప్ఫై మందికీ ఒకటే మెసేజి కొట్టింది. ఇరవై బొటనవేళ్లూ, రెండు నమస్కారాలూ వచ్చాయి. ఒకాయన కొడుకు బయోడేటా పంపాడు. ఆఖరికి కాకినాడలో స్పేరుపార్టుల దుకాణం సూర్యచంద్రరావుకి ఫోను చేసింది.

"స్టాకు లేదండీ."

"ఒక్కటైనా చూడండి సార్, చాలా అర్జంటు."

"లేదన్నాను కదండీ బాబూ." పెట్టేశాడు.

ప్రణీత రంగనాయకులుకి చేసి, స్పీకరు పెట్టింది. ఆయన మంగలి కుర్చీలో ఉన్నాడు.

"సూర్యచంద్రం దగ్గర లేకపోవడమేంటమ్మా? ముక్కూ మొహం తెలీనోళ్లకి తియ్యడంతే. కార్డు వెనక చూశావా?"

"వెనకేముందండీ?"

"తిప్పి చూడమ్మా," అని పెట్టేశాడు.

మరుక్షణం గోనెసంచి బోర్లా పడింది. ప్రణీత నన్ను దుమ్ము కూడా దులపకుండా తెరిచింది. కాకినాడ కార్డు తిప్పి చదివి, మళ్లీ నంబరు నొక్కింది.

"సార్, సుహాసిని వీణ పరీక్ష ఎలా జరిగిందండీ?"

"ఆ మాట రంగనాయకులుగారు అడగాలి. మా అమ్మాయి సంగతి నీకెలా తెలుసు?"

అబద్ధమాడే అవకాశం ఉంది. ఆడుతుందనే అనుకున్నాను.

"కార్డు వెనక ఆయన రాసుకున్నారండీ. ఇప్పుడే చదివాను."

"ఆయ్. ఇంకేం రాశాడేంటి?"

"పిసినారి అని ఉందండీ."

పదిహేను టన్నులూ పోయినట్టే అనుకున్నాను.

"దాని కింద?"

"మాటిస్తే తప్పడు."

సూర్యచంద్రరావు పగలబడి నవ్వాడు. "ఆ రెండోది లేకపోతే ఆయన ఇంటిమీదకే వెళ్లేవాణ్ణి. సీలు ఒకటుంది, మావాడు కారులో తెస్తాడు. ధర మాత్రం తగ్గించను. పిసినారిని కదా."

మాటిచ్చినట్టే మూడింటికి సీలు వచ్చింది. నాలుగున్నరకు కంప్రెసరు తిరిగింది.

ఇప్పుడు నేను ప్రణీత బల్లమీద ఉన్నాను. మెడకు దారంతో పెన్సిలు కట్టింది. రోజుకు నలుగురైదుగురికి ఫోను చేస్తోంది. మొదట్లో అందరూ కంగారుపడ్డారు. "ఏం కావాలమ్మా?" "ఏం వద్దండీ, ఊరికే చేశాను." పనిలేకుండా పలకరించేది మోసగాళ్లే అనుకుని ఇద్దరు పెట్టేశారు కూడా.

నిన్న సూర్యచంద్రరావే చేశాడు. "ఏమ్మా, ఆ పిసినారి మాట చెరిపేశావా?"

"ఎప్పుడో చెరిపేశానండీ."

చెరపలేదు. నా కడుపులో ఉన్నది నాకు తెలియదా. దాని కింద ఆమె చేతిరాతలో కొత్త లైను మాత్రం చేరింది: "సుహాసిని పాసైంది. ముందు ఇదే అడగాలి."