హార్మోన్ లేని గొట్టం

"ఇవాళ సెలవు పెట్టరాదూ, అమ్మ మోకాళ్ళు చూపించాలి. నువ్వెళ్ళకపోతే ఆ సీసాలేమన్నా ఏడుస్తాయా?" అన్నాడు మొగుడు, ఆమె సర్దిన క్యారేజీ సంచిలో పెట్టుకుంటూ. అత్తగారు గదిలోంచే అందుకుంది. "లోకంలో ఆడవాళ్ళందరి కడుపుల మీదా పరిశోధనట! తన కడుపు పండే దారి మాత్రం తెలీదు." కొడుకుని పరీక్షకి పంపమంటే మాత్రం ఆవిడకి ఉన్నట్టుండి చెవుడొస్తుంది. ఆమె చెప్పులేసుకుంది.

ల్యాబ్‌లో మాత్రం తక్కువ తిన్నారా! అండం విడుదలకు వేళ చెప్పే హార్మోన్‌ను రక్తంలో పట్టి చూపే పరీక్ష ఒకటి తయారుచేస్తున్నారు వాళ్ళు. దాన్ని పట్టేది యాంటీబాడీ అనే ప్రోటీన్. కావలసినదాన్ని తప్ప మరొకదాన్ని ముట్టుకోకూడదు. మూడేళ్ళ కిందట రెండు రకాలు చేతికొస్తే, ల్యాబ్ నడిపే పెద్దసారు తన స్నేహితుడు వాడుతున్నదే ఖాయం చేశారు. ఆ హార్మోన్‌లో ఉన్న రెండు ముక్కల్లో ఒకటి, థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్‌లోనూ అచ్చం అదే. "ఇది ఆ ఉమ్మడి ముక్కకి అతుక్కుంటుందేమో సార్. మన హార్మోన్ లేకుండా థైరాయిడ్‌దొక్కటే ఉన్న గొట్టంలో వేసి చూద్దాం" అందామె. "ఆడవాళ్ళకి అన్నీ అనుమానాలే" అని ఆయన నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అది తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొన్న శనివారం ఎవరినీ అడక్కుండా వేసి చూసింది. రంగు రాకూడని గొట్టం చిక్కటి పసుపు రంగులోకి తిరిగింది. మూడుసార్లు చేసినా అంతే. అంటే థైరాయిడ్ పాడై, దాన్ని నడిపించే హార్మోన్ పెరిగిపోయిన మనిషికి అండమే విడుదల కాకపోయినా, అంతా సవ్యంగానే ఉందని చీటీ వస్తుంది. అప్పుడిక ఇంటిల్లిపాదీ ఆ మనిషి మీద పడతారు. "అంతా బాగానే ఉందిగా, మరి నీకేం రోగం?" ఆ మాట ఏ గొంతుతో వస్తుందో ఆమెకి ఒకరు చెప్పాలా?

గొట్టం ఫొటో బల్ల మీద పెట్టగానే పెద్దసారు లేచి తలుపు మూశారు.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను? మూడేళ్ళ పని బూడిదలో పోస్తావా?"

"ఆ మూడేళ్ళూ చేసింది నేనే కదా సార్."

"పత్రికకి పంపే వ్యాసంలో మొదటి పేరు నీదే. ఉద్యోగం పర్మనెంటయ్యేది కూడా దీంతోనే." కాస్త గొంతు తగ్గించి జాలిగా చూశారు. "పిల్లల్లేని దిగులుతో ఏదేదో ఊహించుకుంటున్నావమ్మా. ఈ ఫలితాల మీద సంతకం పెట్టి, ఇంటికెళ్ళి పడుకో."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో విన్నది చాలదన్నట్టు ఇక్కడా అదే మాట! ఈ ఉద్యోగం పోతే పొద్దున్నే బయటికి రావడానికున్న ఒక్క వంకా పోతుంది. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అయినా పెన్ను తీసింది. ఫలితాల పేజీకి అడ్డంగా రాసింది: 'యాంటీబాడీ తప్పు. ఈ ఫలితాలు చెల్లవు.' కింద సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితాన్ని ఆయన ముందుకు తోసింది.

"పెట్టాను సార్. పత్రికకి మీరు పంపిస్తారా, నన్ను పంపమంటారా?"