సేటు కంప్యూటర్‌లో పేజీ

"శనివారం దాకా చూస్త. గా సార్‌కు చెప్పి నౌకరి మానెయ్," అన్నాడు నా మొగుడు మోషే, తిన్న పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుంటూ. నేను గది మూలన మోరీ దగ్గర కూర్చుని గిన్నెలు తోముతున్నాను. ఆ పళ్ళెం కూడా నా ముందుకే వచ్చింది. పొద్దున రెండు గంటలు ముందు లేచినా, ఆఫీసు నుంచి వచ్చాక మళ్ళీ నడుం వంచినా, ఇంట్లో ఏదో ఒక పని మిగిలిపోతూనే ఉంది. కాస్త చెయ్యి వెయ్యమంటే నా మొగుడి జవాబు ఒకటే. "నాకు రాదే దెబోరా. వస్తె చెయ్యనా?" మా అత్తమ్మ దానికి వంత పాడుతుంది. "మొగపిలగాడు, వానికేమెరుక?" పదకొండేళ్ళుగా నేనూ నమ్మాను. పాపం, రానివాణ్ణి ఏం చేయమంటాం అనుకున్నాను.

నా ఉద్యోగం మా ఇంట్లో ఎవరికీ ఉద్యోగంలా కనపడదు. అది రెండువేల మూడో సంవత్సరం. మా ఊళ్ళోని నార్పోలి పేటలో రెండు గదుల ఆఫీసు పెట్టి, భీమ్‌రావు సార్ దుకాణాలవాళ్ళకు వెబ్‌సైట్లు చేసేవాడు. చేసిన పేజీని నేను పెద్ద మానిటర్ మీద, చిన్నదాని మీద, పాత కంప్యూటర్‌లో, కొత్తదాంట్లో తెరిచి చూడాలి. ఎక్కడ ఏం తప్పిపోయిందో రాయాలి. "చూసుడుకు గూడ జీతమా?" అని మోషే నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ, నాకు మాత్రం భలే సరదా. ఒకచోట బుద్ధిగా కూర్చున్న అక్షరాలు ఇంకోచోట ఒకదాని మీదొకటి ఎక్కి కొట్లాడుకుంటాయి. బొమ్మ ఉంటుంది, ధర ఉండదు. పేజీలో ఏమీ మారలేదు, మరి ఎందుకిట్లా? ఆ 'ఎందుకు' తెలిసేదాకా నాకు తెచ్చుకున్న అన్నం డబ్బా కూడా గుర్తుకు రాదు.

ఆ గురువారం నూలు సేటు పేజీ తయారైంది. మా ఆఫీసులో ముద్దుగానే ఉంది. "సేటు తాన పాత డబ్బా కంప్యూటరున్నది. ఆయన దాంట్లనే చూస్తడు. నువ్వు పోయి చూసిరా, దెబోరమ్మా," అన్నాడు సార్. మోషే గుమాస్తాగా పనిచేసేది ఆ సేటు దగ్గరే, కనేరి పేటలో. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా నేనా దుకాణం మెట్లెక్కలేదు.

ఆటో దిగి వెళ్ళాను. సేటు కంప్యూటర్ చూపించాడు. నేను అనుమానపడ్డట్టే, ఫోన్ నంబరు తెర అంచు దాటి పోయింది. పేజీని పక్కకు జరిపితే తప్ప కనపడదు. నూలు కొనేవాడు మరి ఎవరికి ఫోన్ చేస్తాడు? అది రాసుకుంటుండగా సేటు లోపలికి కేకేశాడు. "మోషే, సబ్ కే లియే చాయ్!"

నూలు బస్తాల వెనక తలుపు తెరిచే ఉంది. స్టవ్ ముందు మోషే. అల్లం దంచి వేశాడు. పొంగు రాగానే మంట తగ్గించాడు. ఎనిమిది గ్లాసులు సబ్బుతో కడిగి, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి, ఒకదాన్ని మళ్ళీ కడిగాడు. తర్వాత తడిగుడ్డతో గట్టు తుడిచాడు, మూలలతో సహా. మూలలు తుడవాలని నాకు మా అమ్మ పదిసార్లు చెప్పాల్సి వచ్చింది. కోపం వచ్చింది, పదకొండేళ్ళ కోపం. "జల్దీ!" అని సేటు అరిస్తే అతను ఉలిక్కిపడిన తీరుకు జాలీ వేసింది. అయినా ఆ కోపాన్నీ జాలినీ మించిన కుతూహలంతో, కొత్త పేజీ తెరిచినప్పటిలాగే కళ్ళప్పగించి చూశాను.

ట్రే పట్టుకుని వచ్చి నన్ను చూశాడు.

"నువ్వేంది ఈడ?"

"పని మీద వచ్చిన," అని ఒక గ్లాసు తీసుకున్నాను. చాయ్ నాకంటే బాగా పెట్టాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో ఆ చాయ్ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. శనివారం సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టగానే, నా ముఖం చూడకుండా అడిగాడు.

"చెప్పినవా సార్‌కు?"

"చెప్పలే. చెప్పను గూడ."

"మరి ఇంటి పని ఎవరు జేస్తరే?" అంది అత్తమ్మ మంచం మీద నుంచి.

మోషే ముఖం చిన్నబోయింది. నేను దుకాణం సంగతి ఎక్కడ బయటపెడతానో అని అతని భయం. దాచిపెట్టాలని నాకు అనిపించలేదు. అతని ఎదురుగా కింద కూర్చున్నాను. వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"చెప్పయ్యా," అన్నాను. "చాయ్ పెట్టుడు, గ్లాసులు కడుగుడు చూసిన. ఇంకేమేం వస్తయి నీకు?"