ఒక్క మాట తక్కువైన రోజు

నన్ను రూటర్ అంటారు. పుస్తకమంత ఇనుప పెట్టెను. లైట్లు మినుకుమంటే పనిచేస్తున్నానని, ఆరితే చచ్చానని మనుషుల లెక్క. కరీంనగర్‌లో ఒక ఆఫీసుకు ఆరేళ్ళు ఊడిగం చేశాక, అక్కడికి కొత్తది రాగానే నన్ను నాగులవాగు ప్రాజెక్టు కంట్రోల్ రూముకు తోలారు. అక్కడ నన్ను చూసుకునేవాడు రాజలింగం. నా మీది దుమ్మును తన రుమాలుతో తుడిచే టెక్నీషియన్.

కిలోమీటరున్నర కట్టకు అవతలి కొసన గేట్ల గది ఉంది. అక్కడ స్విచ్ అనే నాలాంటి పెట్టె. మా ఇద్దరి మధ్యా తీగ ఒక్కటే. అందుకని రాజలింగం నా ఒక్క ద్వారంలోనే మూడు ఉపద్వారాలు పెట్టాడు: పది అంకెది ఫోన్లకు, ఇరవై అంకెది వాగొడ్డు సైరన్‌కు, ముప్పై అంకెది తాను స్విచ్‌తో మాట్లాడుకోవడానికి. ప్రతి కబురు మీదా దాని అంకె వేసి పంపుతాను. అంకె చూసి స్విచ్ ఎవరిది వారికి అందిస్తుంది. ఒకే తీగ మీద ఇన్ని వరసలు నడిచే ఈ ఏర్పాటునే ట్రంక్ అంటారు.

ఆ శ్రావణంలో వాన వదల్లేదు. ఉదయం పదకొండింటికి గేట్లు ఎత్తాలని నిర్ణయించారు. అంతకు పావుగంట ముందు, కింద వాగులో చేపలు పట్టేవాళ్ళ కోసం కంట్రోల్ రూము నుంచి జేఈ వసుంధర సైరన్ మోగించాలి. ఈలోగా కొత్త కెమెరాలకు నలభై అంకె వరస కలపమని పైనుంచి ఒకటే తొందర.

రాజలింగం నాలో నాలుగో ఉపద్వారం తెరిచి, తీగలోంచే అవతలి స్విచ్‌కు ఆజ్ఞ రాశాడు. ఉన్నవాటికి ‘కలుపు’ అని రాయాలి. ఆ ఒక్క మాట మరిచిపోయాడు. అది లేకపోతే, పాతవన్నీ తీసేసి నలభైని మాత్రమే రానివ్వమని అర్థం. స్విచ్ చెప్పినట్టే చేసింది.

“అయ్యో మేడం, ఏం జేస్తిని! ఫోన్ వాయె, సైరన్ వాయె. నన్ను గూడ బయటికి నూకింది, ఇక్కడికెల్లి సరిజేయరాదు!”

“సెల్లుకు సిగ్నల్ లేదు రాజలింగం! పోశెట్టికెట్ల చెప్పాలె?”

గేట్లెత్తే పోశెట్టికి గడియారమే ఆజ్ఞ. వాన హోరులో వాగొడ్డు సైరన్ ఆ గదికి ఎన్నడూ వినబడదు. జీపు ఊళ్ళోకి వెళ్ళింది. అప్పటికి పదకొండుకు పది నిమిషాలు, సైరన్ వేళ దాటిపోయింది.

“మీరు సైరన్ బటన్ ఇడువకుండ్రి. ఒత్తుతనే ఉండుండ్రి. నేను ఉరుకుత.”

చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. వసుంధర ఒత్తుతూనే ఉంది. ప్రతి ఒత్తుకూ ఇరవై అంకె వేసి పంపాను. ప్రతిదీ అవతలి గడపలోనే పడి చచ్చింది. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు.

రాజలింగం చేరేసరికి ఒక గేటు మూరెడు లేచింది.

“దించు పోశెట్టన్నా! సైరన్ మోగలే!”

పోశెట్టి గేటు దించాడు, కానీ అప్పటికే వదిలిన నీళ్ళు వాగు పట్టాయి.

ఆ మార్పును భద్రపరచలేదు కనుక, కరెంటు తీసి పెడితే స్విచ్‌కు పాత ఆజ్ఞలే గుర్తొస్తాయి. వైరు పీకి మళ్ళీ పెట్టాడు. అది మేలుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అప్పుడు వసుంధర ఒత్తిన ఒత్తు ఒకటి గడప దాటింది. సైరన్ అరిచింది.

వాగులో పన్నెండు మంది. పదకొండు మంది గట్టెక్కారు. ముత్తన్నను నీళ్ళు లాక్కుపోయి బండలకు కొట్టాయి. ప్రాణం దక్కింది, నడుము విరిగింది.

విచారణ నివేదిక తప్పును చక్కగా పంచింది. సగం నాకు, సగం ముత్తన్న చెవులకు. సైరన్ మోగినా అతను లెక్కచేయలేదట. యంత్రం కాస్త ఆలస్యం చేసిందట. తప్పు తనదేనని రాజలింగం కాగితం రాసిస్తే, పై అధికారి ఈఈ సారు దాన్ని మడిచి తిరిగిచ్చాడు. “మిషిన్‌కు పెండ్లాం పిల్లలున్నరా? నీకున్నరు గద!”

నన్ను స్టోరుకు మోసుకెళ్ళే ముందు, ఆసుపత్రిలో ఏం జరిగిందో వసుంధర పోశెట్టికి చెప్తుంటే విన్నాను. రాజలింగం ముత్తన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడట.

“మిషిన్ గాదు కాకా. తప్పు నాది.”

ముత్తన్న ఇలా అన్నాడట.

“నీళ్ళొచ్చినంకనే సైరన్ మోగిందని అందరికి చెప్పిన బిడ్డా. చెవిటోడన్నరు. ఆఖరికి నా పెండ్లాం గూడ నమ్మలే. బయట కూసున్నది. పోయి ఆమెకు చెప్పు.”