వేణ్ణీళ్ళలో ఎనిమిది వేల అడుగులు

పెళ్ళయి మూడు నెలలు నిండకముందే మధులతకు అత్తగారు కాళ్ళకు వేణ్ణీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. ఈ మాట ఎవరితో చెప్పినా నమ్మరు. మొదటి రోజు మధులతే నమ్మలేదు. సాయంత్రం బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ దిగి, ఇల్లు చేరి, చెప్పులు విప్పేసరికి వరండాలో నీలం ప్లాస్టిక్ టబ్బు కనిపించింది. అందులో పొగలు కక్కే నీళ్ళు, పక్కన గుప్పెడు రాళ్ళుప్పు.

"కాళ్ళెట్టు," అంది కనకలక్ష్మి. అంతే. ఆవిడ మాటలు రేషన్ సరుకులా కొలిచి ఇస్తుంది.

దీనికంతటికీ కారణం వాచీ. పెళ్ళికి మణికుమార్ ఒకేలాంటి స్మార్ట్‌వాచీలు రెండు కొన్నాడు, తనకి నల్లది, మధులతకి గులాబీ రంగుది. మధులత మెడలో తాళి కంటే చేతికున్న వాచీనే ఎక్కువసార్లు చూసుకునేది. పొద్దున లేవగానే రాత్రి ఎలా నిద్రపోయిందో దాన్నడిగి తెలుసుకునేది. హాయిగా నిద్రపట్టిందనుకున్న రోజు అది నూటికి యాభై రెండు మార్కులు వేస్తే, ఆ క్షణం నుంచి ఆవలింతలు మొదలు. వ్రతం పీటల మీద కూర్చున్నప్పుడు "చాలాసేపయింది, లేచి కదలండి" అని మణికట్టు మీద గిల్లితే నిజంగానే లేచి నిలబడింది. పంతులుగారు కథ ఆపి చూశారు. మణి పక్కకి తిరిగి దగ్గాడు.

మొదటి రెండు నెలలూ అత్తాకోడళ్ళ మధ్య "తిన్నావా", "తలుపేసేవా" తప్ప పెద్దగా మాటల్లేవు. పెళ్ళిచూపుల తర్వాత "ఆఫీసు పిల్ల, కుర్చీ దిగదు" అని కనకలక్ష్మి ఎవరితోనో అన్నమాట మధులత చెవిన పడింది. అది చెప్పులో రాయిలా ఉండిపోయింది. దాన్ని తీసేసింది వాచీయే.

ఒక సాయంత్రం వంకాయలు తరుగుతూ కనకలక్ష్మి అడిగింది. "అస్తమానూ ఆ గడియారంలో ఏటి సూత్తుంటావ్?"

"ఇవాళ ఎన్ని అడుగులు నడిచానో చెబుతుంది అత్తయ్యా."

"ఎన్నేటి?"

"ఎనిమిది వేల రెండొందల పది."

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. "ఎనిమిది వేలా. ఆ ఆఫీసులో నీకు కుర్చీ ఇవ్వలేదేటి?"

మర్నాటి నుంచి వేణ్ణీళ్ళు. ఆ మర్నాడు, పక్కనే కొట్టు పెట్టుకున్న రత్నంతో కనకలక్ష్మి గోడ మీదుగా అంటుంటే మధులత విన్నది: "మా కోడలు రోజుకి పదేలు నడుత్తాది." ఎనిమిది పది ఎప్పుడయిందో మధులతకు తెలియదు. సరిదిద్దాలనీ అనిపించలేదు. లోపలికి వెళ్ళి అద్దంలో తన కాళ్ళ వంక కాస్త గౌరవంగా చూసుకుంది.

భార్యాభర్తల మధ్య ఒక ఒప్పందం కూడా ఉండేది. వారంలో ఎవరి అడుగులు తక్కువైతే ఆదివారం చేప వాళ్ళు శుభ్రం చెయ్యాలి. ఊళ్ళోనే ఉన్న డాక్‌యార్డులో రోజంతా ఇనుపమెట్లు ఎక్కి దిగే మణికి ఆరు వేలు దాటేవి కావు. ఏడు ఆదివారాలు వరసగా పెరట్లో గొంతుక్కూర్చుని సుర్మాయి చేపలు కోశాడు.

"నీకు జీతం నిలబడ్డందుకిస్తున్నారా మణీ?" అనేది మధులత, గడప మీద కూర్చుని జామకాయ కొరుకుతూ.

"ఏం మాయో, యార్," అనేవాడు మణి, చేతులకంటిన పొలుసులు దులుపుకుంటూ. "నువ్వు ఆఫీసులో పనిచేస్తున్నావా, పరేడ్ చేస్తున్నావా?"

ఒక మంగళవారం సాయంత్రం ఫెర్రీలో, ఎప్పటిలాగే ఇంజను గదిని ఆనుకున్న చివరి బెంచీలో కూర్చుంది మధులత. అక్కడ వెచ్చగా ఉంటుంది, చెయ్యి ఆన్చుకోవడానికి ఇనుప కమ్మీ ఉంటుంది. ఆ రోజు వాచీ ఐదు వేలకి దగ్గరగా ఉంది. ఐదు వేలు దాటగానే అద్దం మీద చిన్న చిచ్చుబుడ్డి వెలుగుతుంది. అది చూడటం మధులతకు మహా ఇష్టం. ఆ వెలుగు కోసం కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. నాలుగు వేల తొమ్మిదొందల తొంభై. తొంభై ఆరు. వెలిగింది. మధులత మురిసిపోయింది. తర్వాత ఆలోచించింది.

ఆమె లెక్కల్లో డిగ్రీ చేసింది. డెలానీపూర్ ఆఫీసులో ఆమె ఉద్యోగమే, ఇతరులు పంపిన అంకెలు నమ్మొచ్చో లేదో సరిచూడటం. అలాంటి మనిషికి, తను కూర్చుని ఉండగా అడుగులు వేస్తున్నదెవరన్న అనుమానం రావడానికి మూడు నెలలు పట్టింది.

లేచి ముందు బెంచీకి వెళ్ళి కూర్చుంది. అంకె ఆగింది. వెనక్కొచ్చి కమ్మీ మీద చెయ్యి పెట్టింది. ఇంజను దడదడలాడింది, అంకె పరిగెత్తింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి.

తాడు చుడుతున్న ఫెర్రీ పనివాడు నాగబాబు చూస్తూనే ఉన్నాడు. "క్యా హువా దీదీ? ఏమన్నా పోయిందా?"

"ఏం లేదు భయ్యా," అంది మధులత. పోయినవి రోజుకి ఐదు వేల అడుగులని ఎలా చెప్పడం?

ఇంటికెళ్ళగానే చెప్పేద్దామనుకుంది. గేటు తీసేసరికి టబ్బు సిద్ధంగా ఉంది. ఆ రోజు నీళ్ళలో నిమ్మాకులు కూడా వేసి ఉన్నాయి. "నొప్పులు లాగేత్తాది," అంది కనకలక్ష్మి. లేని నొప్పులు లాగేస్తుంటే మధులత కళ్ళు మూసుకుంది. రేపు చెబుదామనుకుంది.

బుధవారం రెండు ప్రయాణాలూ నిజాయితీగా ముందు బెంచీలో కూర్చుంది. సాయంత్రానికి రెండు వేల ఏడొందల తొంభై. పాకే పిల్లలు కూడా ఇంతకన్నా ఎక్కువే తిరుగుతారు. గురువారం, వాన జల్లు కొడుతుందేమోనని ఇంజను పక్కకి మారింది. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

శనివారం కనకలక్ష్మి ఫెరార్గంజ్‌లో ఉన్న చెల్లెలు చిన్నమ్మి ఇంటికి బయల్దేరింది. పమిట సర్దుకుంటూ చెయ్యి చాపింది. "ఆ గడియారం ఓపాలి కట్టు. నానెన్ని నడుత్తానో చిన్నమ్మి సూడాల."

మధులత తన చేత్తోనే కట్టింది. పైగా ఓదార్చింది కూడా. "అలవాటు లేదు కదా అత్తయ్యా. తక్కువొస్తే ఏమీ అనుకోకండి."

సాయంత్రం కనకలక్ష్మి వచ్చి వరండాలో కూలబడింది. మణి ఆవిడ చెయ్యి పట్టుకుని వాచీ చూశాడు. "పదమూడు వేల ఆరొందలు. అమ్మా, నువ్వెళ్ళింది పిన్ని ఇంటికా, దీవి ఆ చివరున్న డిగ్లీపూర్‌కా?"

కనకలక్ష్మి ఆ అంకె వంక చాలాసేపు చూసింది. "ఎల్లేటప్పుడు బస్సులో తొంగున్నాను. వచ్చేటప్పుడు తొంగున్నాను. చిన్నమ్మింట్లో కోడికూర తిని మంచం దిగలేదు. మరి నడిసిందెవులు?"

"బస్సు ఊగి ఉంటుందమ్మా. ఆ రోడ్డంతా గుంతలే కదా."

"ఊగితే అడుగేటి?"

"దానికేం తెలుసు పాపం."

కనకలక్ష్మి చూపు గోడకి ఆనించిన నీలం టబ్బు మీదికి వెళ్ళింది. బస్సు తర్వాత గుర్తొచ్చేది ఫెర్రీయేనని మధులతకు అర్థమైంది. ఆ మాట అత్తగారి నోట రాకముందే తన నోట రావాలనిపించింది.

"అత్తయ్యా, ఫెర్రీ కూడా ఊగుతుంది."

కనకలక్ష్మి తల తిప్పింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"ఇయ్యాల శనోరం."

"అవునత్తయ్యా."

"మంగళోరం నుంచీ నీలెట్టించుకుంటన్నావు."

"అవునత్తయ్యా. నిమ్మాకులు కూడా."

"ఏడు ఆదివారాలు," అన్నాడు మణి. "ఏడు సుర్మాయిలు. నా చేతుల వాసన..."

"నువ్వుండ్రా," అంది కనకలక్ష్మి. కోడలి వైపు తిరిగింది. "అసలెన్ని నడుత్తావ్?"

"రెండు వేల ఏడొందల తొంభై."

"ఎక్కడికెక్కడికి?"

"ఇక్కణ్ణుంచి జెట్టీకి. ఆఫీసు మెట్లు. క్యాంటీన్‌కి రెండుసార్లు." మధులత ఒక క్షణం ఆగింది. "మూడుసార్లు."

కనకలక్ష్మి వాచీ విప్పి కోడలి అరచేతిలో పెట్టింది. లేచి టబ్బు తీసుకెళ్ళి నూతి పక్కన బోర్లించింది. ఆ చప్పుడుతో ఇన్నాళ్ళ మర్యాద కూడా బోర్లా పడ్డట్టే అనిపించింది మధులతకు. మళ్ళీ కుర్చీ పిల్లే, ఈసారి దొంగ కుర్చీ పిల్ల. వాచీ ఇంకా మణికట్టుకి కట్టుకోలేదు కాబట్టి ఆ నిమిషంలో గుండె ఎంత వేగంగా కొట్టుకుందో లెక్క మిగల్లేదు.

కనకలక్ష్మి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రత్నానికి పదేలని సెప్పేను."

"నేను ఎనిమిదే అన్నాను కదా అత్తయ్యా," అంది మధులత చిన్నగా.

"సెప్పేసేను మరి. ఇప్పుడెల్లి మా కోడల్ని ఇంజను నడిపించిందని సెప్పమంటావా? పొద్దున్న ఐదింటికి లెగు."

"రేపు ఆదివారం."

"ఆదోరం కాళ్ళుండవేటి?"

తెల్లవారుజామున అత్తాకోడళ్ళు కొండ రోడ్డు పట్టారు. కనకలక్ష్మి కుచ్చిళ్ళు పైకి దోపుకుని, అరిగిపోయిన హవాయి చెప్పుల్లో ముందు నడుస్తోంది. వెనకాల మధులత, కాలికి ఇంకా అలవాటు కాని తెల్లటి స్పోర్ట్స్ బూట్లతో. రెండో మలుపుకే మడమలు ఒరుసుకుపోయాయి. "థోడా ధీరే, అత్తయ్యా," అంటే ఆవిడ ఆగలేదు కానీ, తిరుగుదారిలో మెల్లిగా నడిచింది.

రత్నం అప్పుడే కొట్టు షట్టరెత్తుతోంది. "ఏటొదినా, పొద్దున్నే కోడల్ని ఎక్కడికి తోలుకెల్లేవు?"

మధులత వంగి బూటు లేసు సర్దుకోబోయింది.

"నాను తోలుకెల్లడమేటి," అంది కనకలక్ష్మి నడక ఆపకుండా. "అదే నన్ను ఈడ్సుకెల్లింది."

మధ్యాహ్నం పెరట్లో గొంతుక్కూర్చుని మధులత రెండు కిలోల సుర్మాయి కోసింది. మణి గడప మీద కూర్చుని జామకాయ కొరుకుతూ, తోక వైపు పొలుసులు మిగిలాయని చూపించాడు. ఇంకా ఆరు ఆదివారాలు బాకీ అని గుర్తు కూడా చేశాడు.

సాయంత్రానికి తొమ్మిది వేల తొమ్మిదొందల నలభై. మధులత కుంటుకుంటూ ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగింది, నూతి దాకా వెళ్ళొచ్చింది. వాచీ వణికింది. పదివేలు. చిచ్చుబుడ్డి వెలిగింది. ఆమె తలెత్తేసరికి వరండాలో నీలం టబ్బు ఉంది, పొగలు కక్కుతూ.

"కాళ్ళెట్టు," అంది కనకలక్ష్మి.

పెట్టింది. ఇన్నాళ్ళూ హాయిగా ఉన్న ఉప్పునీళ్ళు బొబ్బల మీద భగ్గుమన్నాయి. మధులత పళ్ళు బిగించింది.

"మండుతోందేటి?"

"మండుతోంది అత్తయ్యా," అంది మధులత. నవ్వు ఆపుకోవడం చేతకాలేదు.

"మండాల మరి," అంది కనకలక్ష్మి. కోడలి పక్కనే చతికిలబడి, ఇంకో గుప్పెడు రాళ్ళుప్పు వేసి, తన కాళ్ళు కూడా అదే టబ్బులో పెట్టింది.