మూడో విజిల్

గిరిజాకుమారి కందిపప్పుకి మూడు విజిల్స్ రానిస్తుంది. రెండైతే పలుకు, నాలుగైతే ముద్ద. ఆవిరికి పొగ అలారం గోల చేస్తుందని వంటింటి కిటికీ బార్లా తీసి పెడుతుంది. ఆ ఉత్తరాది చలిదేశపు ఊరు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం ఐదుకే చీకటి. ఆ మంగళవారం మూడో విజిల్ రాగానే, ఆకాశంలో ఉండాల్సిన ధ్రువకాంతి కిటికీలోంచి లోపలికొచ్చి ఫ్రిజ్ మీద కూర్చుంది. పచ్చగా, అంచుల్లో ఎర్రగా, తీగ మీద ఆరేసిన చీరలాగా ఊగుతూ.

"యూ కాంట్ విజిల్ ఎట్ దెమ్, అమ్మా. దే కమ్ డౌన్," అంది రెండో క్లాసు చదివే విజేత, హోంవర్క్‌లోంచి తలెత్తకుండా. ఈల వేస్తే ఆ వెలుగులు కిందికి దిగొస్తాయని ఉత్తరాది దేశాల్లో నమ్ముతారని స్కూల్లో చెప్పారట.

"నేనెక్కడ వేశానే? కుక్కర్ వేసింది!"

మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు రంగనాథ్ వచ్చి, కోటు కూడా విప్పకుండా పాఠం మొదలుపెట్టాడు. "సూర్యుడి నుంచి వచ్చే రేణువులు ఆక్సిజన్‌కి తగిలితే పచ్చ రంగు వస్తుంది గిరిజా. ఇంకా పైకెళితే ఎరుపు. మామూలుగా వంద కిలోమీటర్ల ఎత్తులో..."

"వంద కిలోమీటర్ల ఎత్తులోది నా ఫ్రిజ్ మీద ఎందుకుందండీ? ముందు అది చెప్పండి."

అది ఆయన చదువులో లేదు.

గోడ అవతలి పెగ్గీ ఆంటీ అయితే, "గ్రాండ్! మా పిన్ని ఇంట్లో పదేళ్లుంది. తిండి పెట్టే పని లేదు," అని చెత్త డబ్బా బయట పెట్టి లోపలికెళ్లిపోయింది.

గిరిజకి ఒళ్లు మండిపోయింది. ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడు. శనివారం కొనేవాళ్లు చూడ్డానికొస్తారు. నాలుగు నెలలుగా వెతుకుతున్నా ఇంకో అద్దె ఇల్లు దొరకలేదు. ఎక్కడికెళ్లినా గుమ్మం ముందు నలభై మంది క్యూ. విజేత ఇప్పటికే మూడు స్కూళ్లు మారింది. ఇక్కడే మొదటిసారి దానికో స్నేహితురాలు దొరికింది. ఇల్లు శుభ్రంగా ఉంచారని ఓనరు ఉత్తరం రాసిస్తేనే ఎక్కడైనా ఆశ. అలాంటప్పుడు నెత్తిన ఇదొకటి!

తువ్వాలుతో తోలింది. సాంబ్రాణి వేసింది. కుక్కర్ ముట్టకుండా గిన్నెలో పప్పు ఉడకబెట్టి విసిగిపోయింది. అది మాత్రం ఫ్రిజ్ మీంచి హాల్లోకీ, హాల్లోంచి మెట్ల మీదికీ పాకింది.

శనివారం ఐదింటికి ఏజెంటు ఆరు జంటల్ని తీసుకొచ్చాడు. అందరూ వంటిల్లు మెచ్చుకున్నారు. అందరూ ఒకటే అడిగారు, ఇది ఇంటితోపాటే వస్తుందా అని. వస్తుందన్నాడు ఏజెంటు. పిల్లలకి నిద్ర పట్టదనీ, ఎంత మందం కర్టెన్ వేసినా ఇది లోపలే ఉంటుంది కదా అనీ గొణుక్కుంటూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

సోమవారం ఓనరు ఫోన్ చేశాడు. ఇల్లు ఇప్పట్లో అమ్ముడుపోయేలా లేదట. ఇంకో నాలుగేళ్లకి లీజు రాసుకుంటారా అని అడిగాడు.

సరేనని ఫోన్ పెట్టేసి గిరిజ ఫ్రిజ్ వైపు చూసింది. వెలుతురు బాగా పల్చబడింది. అంచున ఎరుపు కూడా లేదు. వారం నుంచీ దాన్ని తిట్టిన తిట్లు గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గేసినందుకు మళ్లీ చిరాకేసింది.

"ఏం, అలిగావా? ఉండు, చస్తున్నాను నీతో," అంటూ పప్పు కడిగి కుక్కర్ ఎక్కించి, కిటికీ తీసింది.

మూడు విజిల్స్ వచ్చాయి. స్టవ్ దగ్గరికెళ్లింది గానీ కట్టలేదు. ముద్దయితే అవనీ అని నాలుగోది కూడా రానిచ్చింది.