తూకం గది

ఆమె బల్ల కిందికి వంగి, పక్కకు జారిపోయిన రబ్బరు ముక్కను మళ్ళీ కోడు కిందికి నెట్టింది. అది ఆమె భర్త పాత చెప్పు మడమ. ఒకవైపు కోడు కురచ కావడంతో బల్ల ఊగుతోందని ఆయనే ఒకనాడు కత్తితో కోసి పెట్టాడు. ఏళ్ళ తరబడి బరువు మోసి మోసి దాని నడుమ గుండ్రటి గుంట పడింది.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. అవతలివైపు కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. అయినా రోజూ పొద్దున ఆమె వచ్చేసరికి ఆ ముక్క జానెడు దూరాన పడి ఉంటుంది, రాత్రంతా ఎవరో మోకాలు ఊపుతూ అక్కడ కూర్చున్నట్టు.

మొదట్లో చీపురు తగిలిందేమో అనుకుంది. వాచ్‌మన్‌ని అడిగితే నవ్వాడు.

"ఈ గదిని ఊడ్చేదెవరక్కా? తాళం మీ దగ్గరే ఉందిగా. పోనీ ఎలుకలు అందామంటే, వైర్లు తినీ తినీ వాటికీ మొహం మొత్తి ఎప్పుడో వెళ్ళిపోయాయి."

ఆ తర్వాత ఆమె ఎవరినీ అడగలేదు. రోజూ వంగి నెట్టడం అలవాటు చేసుకుంది.

ఇవాళ వంగి లేచేసరికి ఆయాసం వచ్చింది. బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడింది. మెట్లెక్కి వచ్చినప్పుడే ఛాతీలో ఏదో బిగబట్టినట్టయింది. "మాత్ర వేసుకున్నారా అక్కా?" అని కింద వాచ్‌మన్ అడిగితే, వేసుకున్నానని అబద్ధం చెప్పింది. గాజుగ్లాసు కడిగి, నీళ్ళు నింపి, కుడిచేతి పక్కన పెట్టుకుంది. తన కంప్యూటరు మిషన్ ఆన్ చేసింది. బల్ల నడుమ నిలబెట్టిన చెక్క అడ్డం చుట్టూ తిరిగి వెళ్ళి అవతలి మిషన్ కూడా ఆన్ చేసింది. కుర్చీని మాత్రం కదపలేదు.

ఆఫీసులో అందరూ దీన్ని తూకం గది అంటారు. ఇక్కడ తూచేది బియ్యమూ కాదు, బంగారమూ కాదు, యుద్ధం. కంపెనీ చాలా కాలం కిందట ఒక ఆట తయారుచేసింది. ఎక్కడో చుక్కల మధ్య, గాలి కూడా లేని నేలల మీద మూడు జాతులు కొట్టుకుంటాయి. ఇనుప తొడుగుల్లో బతికే మనుషులు ఒకరు. గుడ్లు పొదిగి గుంపులు గుంపులుగా పెరిగే పురుగులు మరొకరు. మూడోవాళ్ళు వెలుగుతో చేసిన ముసలి జాతి; వాళ్ళు కొద్దిమందే, కానీ ఒక్కొక్కరూ పదిమంది పెట్టు. ఆమె వాళ్ళను దీపాలవాళ్ళు అనేది. ఏ జాతికీ మరో జాతితో పోలిక లేదు. అయినా ఏ ఒక్కటీ ఇంకోదానికన్నా బలంగా ఉండకూడదు. పురుగు పిసరంత ముందు పుట్టినా, దీపం పిసరంత ఆలస్యంగా వెలిగినా, దేశదేశాల్లో ఆడేవాళ్ళు గగ్గోలు పెడతారు. అందుకే పైవాళ్ళు ఏ అంకె మార్చినా, ముందు ఈ గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడాలి. ముల్లు నడిమధ్యన నిలిచిందో లేదో చెప్పాలి.

గెలిస్తే మెప్పు లేదు, ఓడితే చీవాట్లు లేవు. ఇద్దరూ సరిసమానంగా గెలిచి, సరిసమానంగా ఓడితే పని బాగా జరిగినట్టు. కావాలని ఓడిపోవడం మాత్రం తప్పు. అది తక్కెడ కింద వేలు పెట్టడం లాంటిది.

ఆట నడుస్తున్నంతసేపూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదని నిబంధన. అడ్డంగా చెక్క కట్టింది కూడా అందుకే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు ఆయన మొహం కన్నా ముందు ఆయన భయం పరిచయమైంది. ఆటలో ఇరుకున పడ్డాడంటే ఆయనకు మోకాలు ఊగుతుంది. మోకాలు ఊగితే బల్ల ఊగుతుంది. బల్ల ఊగితే ఇవతల ఆమె గ్లాసులో నీళ్ళు ఒలుకుతాయి. కీబోర్డు తడిసిపోతోందని ఆమె పోట్లాడితేనే చెప్పు మడమ కోసి పెట్టాడు. దాంతో ఒలకడం ఆగింది కానీ, సన్నటి వలయాలు మాత్రం ఆగలేదు. ఆమె ఆ నీళ్ళను చూసి ఆయన గుండెను చదివేది. ఎప్పుడు మీద పడాలో, ఎప్పుడు ఆగాలో ఆ వలయాలే చెప్పేవి. ఈ సంగతి పెళ్ళయ్యాక కూడా ఆయనకు చెప్పలేదు. కాపురమన్నాక ఒక్క రహస్యమైనా ఉండాలి కదా అనుకునేది.

ఇంట్లో వాళ్ళు పోట్లాడుకున్నది తక్కువ. "పొద్దుటినుంచీ ఒకళ్ళనొకళ్ళం చంపుకుంటూనే ఉన్నాంగదోయ్, ఇంటికొచ్చి మళ్ళీ ఎందుకు?" అనేవాడు.

ఆయనకు పురుగులంటే ఇష్టం. ఆమెకు దీపాలు. ఆయన ఎంత చిత్తుగా ఓడినా ఓటమి ఒప్పుకునేవాడు కాదు. ఒక్క కట్టడం మిగిలి ఉన్నా ఆట ముగియదు. అందుకని అంతా కూలిపోతున్న సమయంలో ఒక పనిపురుగును దొంగచాటుగా పంపి, ఏ మూలనో చీకట్లో ఒక గుడ్లగూడు కట్టించేవాడు. ఆమె ఆ చీకటి నేలంతా కాళ్ళరిగేలా వెతకాలి. అవతల అన్నం చల్లారిపోయేది.

"ఏమండీ, ఎక్కడ దాచారో చెప్పండి. ఆకలేస్తోంది," అని ఆమె చెక్క మీద తట్టేది.

"వెతుక్కోవోయ్. జీతం ఊరికే ఇస్తారా?"

నిబంధన తప్పి వాళ్ళు మాట్లాడుకున్నది ఆ ఒక్క సమయంలోనే.

సాయంత్రం పని అయ్యాక, మిషన్లు కట్టేసేముందు, వైర్లు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి ఊరికే ఒక ఆట తెరిచేవాళ్ళు. దాన్ని మిషన్ భద్రపరచదు. రికార్డింగు ఆపేసి ఉంటుంది. అందులో ఆయన తన పనిపురుగును ఒక్కదాన్ని ఆ నేలంతా దాటించి, ఆమె పెద్ద దీపపు మేడ దగ్గరకు పంపేవాడు. అది మేడ చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేసి, గుమ్మం ముందు ఆగేది. పద, ఇంటికి వెళ్దాం అని దాని అర్థం. ఆమె కాళ్ళతో చెప్పులు వెతుక్కునేది. ఆ పురుగు సంగతి వాళ్ళిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆయన పోయాక మేనేజరమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. చదువుకున్న పిల్ల, మెత్తని మనిషి. చెప్పడానికి తటపటాయించింది.

"పిన్నిగారూ, మీరు ఏమీ అనుకోకపోతే... బాబాయిగారు ఇన్నాళ్ళు ఆడిన ఆటలన్నీ దాచి ఉన్నాయి కదా, వాటితో మిషన్‌కి నేర్పించాం. అవతలి సీటులో ఇక అదే ఆడుతుంది."

"నేర్చుకుందా?"

"చాలావరకు. ఓడిపోతే మాత్రం వెంటనే ఒప్పేసుకుంటుంది. ఆ దాక్కోవడం అదీ తీసేశాం. టైమ్ దండగ కదా."

"మంచిపని చేశారు," అంది ఆమె.

అది ఆయనలాగే మొదలుపెట్టేది. ఆయనలాగే ఎడమవైపునుంచి తొంగిచూసేది. ఆయనలాగే ఆశపడి చేతులు కాల్చుకునేది. చివరికి మాత్రం మర్యాదగా తల వంచి తప్పుకునేది. ఆయన కాదని ఆమెకు తెలిసేది ఆ ఒక్కచోటే. అది ఊరటగానూ ఉండేది, ముల్లులా గుచ్చుకునేది కూడా.

ఈ పూట మేనేజరమ్మాయి తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది.

"ఇవాళ్టితో పాత ఆట మూసేస్తున్నారు పిన్నిగారూ. ఇంకొక్క ఆట ఆడి ఫలితం పంపేస్తే అయిపోతుంది. పురుగులు ఒక్క ఆట ముందున్నాయట. మీ దీపాలు గెలిస్తే సమానమవుతుంది. బల్ల తీసుకెళ్ళడానికి సాయంత్రం మనుషులొస్తారు."

"అవతలి మిషనో?"

"అదీ ఆపేస్తారు. ఈ ఆటకు తప్ప అది దేనికీ పనికిరాదు కదా." ఆ అమ్మాయి మాట మార్చింది. "మీకు పైన ఏసీ గదిలో సీటు చెప్పాను. కిటికీ కూడా ఉంది."

"కిటికీలోంచి నేనేం చూస్తానమ్మా, ఇన్నేళ్ళూ చీకట్లో వెతుక్కున్నదాన్ని," అని నవ్వింది ఆమె.

మధ్యాహ్నం అన్నం తిని ఆట మొదలుపెట్టింది. కావాలని ఓడలేదు, కావాలని సాగదీయలేదు. అలా చేస్తే ఆయనే ఊరుకోడు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. పురుగులు గుంపుగా వచ్చి కొన్నిటిని ఆర్పేశాయి. ఆమె ఓర్పుగా మిగిలినవాటిని కూడగట్టి, ఎదురు వెళ్ళింది. పురుగుల నేల అంచులనుంచి కాలుతూ వచ్చింది. పెద్ద పుట్ట కూలింది. ఇక మిషన్ తల వంచి తప్పుకోవాలి.

తప్పుకోలేదు.

ఆమె ఆగింది. తెర మీద ఎక్కడా శత్రువు జాడ లేదు. ఆట మాత్రం నడుస్తూనే ఉంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎందుకో కుడివైపు చూసింది. గ్లాసులో నీళ్ళు కదులుతున్నాయి. నడిమధ్యనుంచి అంచుకు, సన్నగా, ఒకదాని వెనక ఒకటి వలయాలు.

బల్ల మీదున్న తన చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. వలయాలు ఆగలేదు. ఫోను తీసి మేనేజరమ్మాయికి చేసింది.

"అమ్మాయ్, ఇది ఒప్పుకోవడం లేదు. దాక్కుంది."

"అలా చేయదే! ఆ నిబంధన చివరి మార్పులో పోయిందేమో. కాస్త వెతికి కొట్టేయండి పిన్నిగారూ. ఫలితం రాకపోతే మూయడానికి కుదరదు."

ఆమె దీపాలను నాలుగు దిక్కులకూ పంపింది. ఆయన దాచే చోట్లన్నీ ఆమెకు కొట్టినపిండి. ఎండిన నదిలో లేదు. విరిగిన వంతెన కింద లేదు. కొండ వెనక లేదు. చివరికి ఏదో తోచి, తన నేలకే వెనుదిరిగింది. తన పెద్ద మేడ వెనక, గోడకూ లోయకూ మధ్య, పెరడు లాంటి చిన్న జాగాలో ఉంది గుడ్లగూడు. ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉబ్బుతూ, తగ్గుతూ. ఆమె ఇన్నేళ్ళలో ఎన్నడూ తన ఇంటి వెనక వెతకలేదు. ఆయనా ఎన్నడూ అక్కడ దాచలేదు.

దీపాలు దాని చుట్టూ నిలబడ్డాయి. ఆజ్ఞ కోసం చూస్తున్నాయి. ఒక్క నొక్కు చాలు. తూకం సరిపోతుంది, గది మూతపడుతుంది, బల్ల వెళ్ళిపోతుంది. అవతలి సీటు ఖాళీ అవుతుంది, ఈసారి పూర్తిగా. ఆస్పత్రిలో ఆయన చేతిని ఎవరో నర్సు ఆమె చేతిలోంచి విడదీసింది. ఇక్కడ విడదీయవలసింది ఆమే.

వేలు మౌస్ మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

మేనేజరమ్మాయి తలుపు తోసి తొంగిచూసింది. "దొరికిందా? మనుషులొచ్చేశారు, కింద టీ తాగుతున్నారు."

"దొరికిందమ్మా. కానిచ్చేస్తాను. వాళ్ళని తాగనీ."

తలుపు మూసుకుంది. అప్పుడే గూడు పగిలి ఒక పనిపురుగు బయటికి వచ్చింది. అది పారిపోలేదు. మిగతా పనిపురుగుల్లా నేల తవ్వడానికి వెళ్ళలేదు. నిలబడ్డ దీపాల నడుమనుంచి, ఎవరినీ పట్టించుకోకుండా, నింపాదిగా నడిచింది. పెద్ద మేడ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

ఆమె కళ్ళార్పకుండా చూసింది. రికార్డింగులో లేని నడక అది. నేర్పినవాళ్ళకే తెలియని నడక.

పురుగు ఒక్క ప్రదక్షిణ పూర్తిచేసి, గుమ్మం ముందు ఆగింది. గ్లాసులో నీళ్ళు నిశ్చలమయ్యాయి.

"ఉండండి, వస్తున్నా," అంది ఆమె పైకే. "చెప్పులు వేసుకోనివ్వరూ?"

మౌస్‌ను పక్కకు జరిపింది. నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించింది. సంచీ ఒళ్ళోకి తీసుకుంది. వంగి చూడకుండానే కాళ్ళతో చెప్పులు వెతికి తొడుక్కుంది. ఛాతీలో పొద్దుటినుంచీ బిగబట్టి ఉన్నదేదో మెల్లగా వదులైంది. కుర్చీలో వెనక్కి వాలింది.

టీ తాగినవాళ్ళను వెంటబెట్టుకుని మేనేజరమ్మాయి వచ్చేసరికి ఆమె అలాగే ఉంది, ప్రయాణానికి తయారై కాసేపు కునుకు తీస్తున్నదానిలా. రెండుసార్లు పిలిచి, భుజం మీద చేయి వేసి, ఆ పిల్ల చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. మనుషుల్లో ఒకడు పరుగున వెళ్ళి వాచ్‌మన్‌ని తీసుకొచ్చాడు. డాక్టరు వచ్చాడు. గుండె అన్నాడు. నొప్పి తెలిసి ఉండదు అన్నాడు.

ఆమెను కిందికి దించాక మేనేజరమ్మాయి మిషన్లు ఆపడానికి ఒంటరిగా పైకి వచ్చింది. తెర మీద ఆట ముగిసి ఉంది. గెలిచినవాళ్ళు లేరు, ఓడినవాళ్ళు లేరు. రెండు సీట్ల పక్కనా ఒకే మాట ఉంది: ఆట విడిచి వెళ్ళారు. కింద ఫలితం: సమానం.

ఇందాక భుజం తట్టినప్పుడే ఆమె రెండు చేతులూ సంచీ మీద ఉండటం ఆ అమ్మాయి చూసింది. మౌస్ ఎంత దూరాన ఉందో కూడా చూసింది. ఆ విషయం ఎవరితోనూ అనలేదు. గబగబా స్విచ్చులు కట్టేసి, మనుషులను కేకేసింది.

వాళ్ళు చెక్క అడ్డాన్ని ఊడదీశారు. బల్లను చెరోవైపు పట్టి లేపారు. "ఇటు కొంచెం కురచగా ఉందన్నా, చూసుకో," అన్నాడొకడు. తలుపులోంచి వంచి, మెట్ల మీదుగా దించుకుపోయారు. గది ఖాళీ అయింది. గచ్చు మీద, పొద్దున ఆమె నెట్టిన చోటే, చెప్పు మడమ ముక్క ఉంది. కోడు లేకపోయినా, దాని నడుమ గుండ్రటి గుంట ఇంకా ఏదో బరువు మోస్తున్నట్టే ఉంది.