రెండు వాక్యాల మనిషి

"గీ రెండు వాక్యాలు నేను రాయలె. ఎవరు రాసిన్రు?"

మా ఆయన వారపత్రికను నా ముఖం ముందు పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు. నిజామాబాద్ బస్సు దిగి వచ్చిన సంపాదకుడు వరండాలో కూర్చున్నాడు. నేను చాయ్ పొంగకుండా చూస్తున్నాను.

"ఫెయిర్ చేసేటప్పుడు చెయ్యి జారింది," అన్నాను.

"చెయ్యి జారితే గీతలు పడ్తయ్, వాక్యాలు పడయ్. అవి నేనే రాసిన్నని చెప్త. నువ్వు చాయ్ పెట్టి లోపల్కి రా, గంతే."

బాన్సువాడ బడిలో పాఠాలు చెప్పి వచ్చాక ఆయన డిటెక్టివ్ కథలు రాస్తాడు. అంట్లు తోమాక నేను వాటికి శుభ్రమైన ప్రతి రాస్తాను. మూడేళ్లలో ఇరవై ఆరు కథలు. అన్నిటిలోనూ ఒక 'అందమైన యువతి' ఉంటుంది, రెండో పేజీలో చచ్చిపోతుంది. ఆమెది ఏ ఊరో, పొద్దున ఏం తిందో ఎవరికీ అక్కర్లేదు. పోయిన కథలో ఆమెను అంత ఖాళీగా చంపడం నా వల్ల కాలేదు. రెండు వాక్యాలు చేర్చాను. ఆమె ఎప్పుడూ తలుపు కనిపించేలా కూర్చుంటుంది. చాయ్ గ్లాసు ఎడమ చేత్తోనే అందుకుంటుంది.

నా కుడి మణికట్టు విరిగిన రోజు దవాఖానలో చీటీ రాసే మనిషి రెండు ప్రశ్నలు అడిగాడు. భర్త పేరేంటి, ఎలా విరిగింది. మా ఇళ్లలో ఆడది మొగుడి పేరు పలకదు. మొదటిదానికి మా అత్త జమునాబాయి జవాబిచ్చింది. రెండోదానికీ ఆమే ఇచ్చింది: "నీళ్లు చేదంగ బాయి కాడ జారిపడ్డది." ఎముక వంకరగా అతుక్కుంది. బరువు మోయదు. "పెన్ను పట్టొస్తది గదా, ఇగ ఫికరేంది?" అంది ఇంటికొచ్చాక.

చాయ్ తీసుకుని వరండాలోకి వెళ్లేసరికి సంపాదకుడు అంటున్నాడు. "మాస్టారూ, పాఠకులు హంతకుణ్ణి వదిలేసి ఆమె గురించి ఉత్తరాలు రాస్తున్నారు. ఆమెకు ఎవరంటే భయం? ఆ చేతికేమైంది? ఆమె మీద నవల రాయండి."

"అంతా నా ఆలోచనే సార్. ఎడమ చెయ్యంటే పొగరు. దానికి పొగరెక్కువ. ఆఖరికి బాయిల పడి చస్తది."

మళ్లీ చంపేస్తాడు. ఈసారి నవలంతా, నా చేతిరాతతోనే.

గ్లాసు అందించాను.

"కుడి చేత్తోని ఇయ్యే," లోపలి నుంచి అత్త కసిరింది. "ఇంటికొచ్చిన సారుకు గట్లనా ఇచ్చేది?"

సంపాదకుడు గ్లాసు తీసుకోలేదు. నా చేతినే చూస్తున్నాడు. "అమ్మా, ఆ కుడి చెయ్యి..."

"బాయి కాడ జారింది సార్," అన్నాడు మా ఆయన.

"నేను ఆమెను అడుగుతున్నాను."

లోపలికి వెళ్లలేదు. గోడకు ఆనుకుని, తలుపు కనిపించేలా కూర్చున్నాను.

"పొగరు కాదు సార్. ఆ రెండు వాక్యాలు రాసింది నేను. జారి పడలె, విరగ్గొట్టిన్రు."

"ఎవరు?"

గడపలోకి వచ్చిన అత్త వద్దని తల ఊపింది. చెయ్యి సంగతి బయటపడుతుందని కాదు, నోట ఆ పేరు వస్తుందని. పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి నా మొగుడి పేరు పలికాను.

"చందూలాల్."